పెద్దాయన పంపిన మందు

జూన్ 4

అమ్మడూ,

నువ్వు ఆ కొండమీది ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరి నెల దాటింది. ఫోన్ చేస్తే మోగదు, మోగితే ఎవరూ ఎత్తరు, ఎత్తితే గాలి హోరు తప్ప మాట వినపడదు. అందుకే ఈ కాగితం. నా రాత చూసి నవ్వకు. ఇరవై రెండేళ్లుగా నేను రాసిందల్లా గుర్రాల జ్వరం పట్టీలే.

చిన్నప్పుడు మా గుర్రపుశాలకు తీసుకొస్తే ముక్కు మూసుకుని పారిపోయేదానివి. కాబట్టి మా పనేమిటో నీకు సరిగ్గా తెలియదు. ఇప్పుడైనా విను. మీ అల్మారాలో ఉండే పాముకాటు మందు మా గుర్రాల ఒంట్లో తయారైందే. ముందు పాము విషం రవ్వంత తీసి గుర్రానికి సూది వేస్తారు. దానివల్ల గుర్రానికి ఏమీ కాదు, కాని దాని ఒళ్లు ఊరుకోదు. ఆ విషాన్ని పట్టుకుని పనిచేయకుండా ఆపే సరుకును రక్తంలో తయారుచేసుకుంటుంది. కొన్నాళ్లకు ఇంకొంచెం విషం, ఆ తర్వాత ఇంకొంచెం. నెలలు గడిచేసరికి మామూలు గుర్రాన్ని పడగొట్టే విషమిచ్చినా మాది తోక ఊపి మేతకేసి చూస్తుంది. అప్పుడు రక్తం తీస్తారు. అందులోని ఎర్ర కణాలను తిరిగి దానికే ఎక్కించి, మిగిలిన పసుపు నీళ్లలోంచి మందు తీస్తారు.

ఆ గుర్రాల్లో అందరికన్నా సీనియరు ఒకడున్నాడు. పొద్దున మేత పడేదాకా ఎవరు పలకరించినా మొహం గోడకు తిప్పుకుంటాడు. టీ పడేదాకా మీ నాన్న చేసేదీ అదే కదా. అందుకని శాలలో అందరం వాణ్ని పెద్దాయన అంటాం. అచ్చుయంత్రం పని మానేసి మీ నాన్న మా ఇంటికొచ్చి రెండేళ్లయినా ఈ సంగతి ఆయన దాకా పోలేదు. నువ్వూ చెప్పకు. ఇకమీదట నా ఉత్తరాల్లో పెద్దాయన అంటే గుర్రమని గుర్తుపెట్టుకో.

ఆయన సర్వీసు వచ్చే నెలతో ముగుస్తుంది. తలుచుకుంటే నాకే బెంగగా ఉంది.

బూట్లు దులపకుండా కాలు పెట్టకు.

మీ బాబాయి

*

జూన్ 12

అమ్మడూ,

జవాబు లేదు. పనిలో మునిగిపోయావనుకుంటాను.

పెద్దాయన సంగతి ఏమీ బాగాలేదు. సోమవారం రక్తం తీశారు. అప్పట్నుంచి తిండి ముట్టడం లేదు. దగ్గరికెళ్లి మెడ నిమిరితే నా చెయ్యి కొరకబోయాడు. ఇక రక్తానికి పనికిరాడని డాక్టరమ్మ తేల్చేసింది. వచ్చే నెల పదో తారీఖులోగా ఆయన గది ఖాళీ చేయించాలట. ఎవరైనా తీసుకెళితే సరే, లేదంటే ఊరిచివర వదిలేద్దాం అంటున్నారు. పోనీ మన ఇంటి వెనక రేకుల పందిరి వేసి కట్టేసుకుందామా అంటే, వాసన భరించలేనని మీ పిన్ని మొహం మీదే చెప్పింది. ఇన్నేళ్లు ఇంతమందికి ఉపయోగపడినవాడికి చివరికి ఇదా అనిపించింది.

మిగతా అందరం కులాసా.

మీ బాబాయి

*

జూన్ 18

బాబాయ్,

నీ ఉత్తరం నిన్న అందింది. మూడుసార్లు చదివాను.

నాన్నకు రక్తం ఎవరినడిగి తీశారు? ఈ వయసులో రక్తానికి పనికిరాడని తేల్చడానికి డాక్టరే కావాలా? వాసన అని పిన్ని అనగలిగిందంటే నమ్మలేకపోతున్నాను. ఆవిడకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు రెండు నెలలు వంట చేసింది నాన్న. ఇక కట్టేసుకుందామా అన్నావు చూడు, ఆ మాట దగ్గర నేను కాగితం కింద పెట్టేశాను. మెడ నిమిరితే ఆయనకు కోపమని నీకు తెలుసు. అయినా కొరకబోయాడంటే ఎంత విసిగి ఉంటాడు. నేను సెలవు పెట్టి వచ్చి ఆయనను తీసుకెళతాను. అప్పటిదాకా ఊరిచివరకు కాదు, వీధిచివరకు కూడా పంపడానికి వీల్లేదు.

జవాబు రాయలేదన్నావు. దేనికి? నాకు అందినది ఇదొక్కటే. పాత టపా అంతా పోస్టుమాన్ సంచిలో ఉండిపోయింది, ఆ సంచి పోస్టాఫీసులో తాళం వేసి ఉంది. పదో తారీఖు పొద్దున పోస్టుమాన్ చెప్పు బిగించుకుందామని రాళ్లకుప్ప మీద కూర్చున్నాడు. రక్తపింజరి కరిచింది. పదింటికి ఇద్దరు మోసుకొచ్చారు. అప్పటికే పాదం గుమ్మడికాయంత అయింది. డాక్టరు గారు గురువారాలు మాత్రమే వస్తారు. అదృష్టం కొద్దీ ఆ రోజు ఫోన్ పలికింది. ముందు రక్తం గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టమన్నారు. ఇరవై నిమిషాలూ అతని భార్య నన్ను చూస్తూ ఉంది, నేను గడియారాన్ని చూస్తూ ఉన్నాను. గొట్టం వంచితే రక్తం నీళ్లలా జారింది. గడ్డకట్టలేదంటే విషం పనిచేస్తున్నట్టే.

అల్మారాలో పన్నెండు సీసాలున్నాయి. పది వాడాను. తెల్లటి పొడి అది, నీళ్లు పోసి రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పి కరిగించాలి, కుదిపితే నురగ వస్తుంది. తొందరలో మెల్లగా తిప్పడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ రక్తం తీశాను. గడ్డకట్టింది. పోస్టుమాన్ కళ్లు తెరిచి మొదట అడిగింది సంచి ఎక్కడుందని.

ఆ సంతోషం రాద్దామనే కూర్చున్నాను. నీ ఉత్తరం దాన్ని మింగేసింది.

ఇంకా నీ కూతురిలాంటిదాన్నే కాబట్టి ఇంత కోపం.

*

జూన్ 22

బాబాయ్,

నా ఉత్తరం ఇంకా చేరకపోయి ఉంటే చించెయ్. చేరి ఉంటే నాన్న కంటపడకుండా దాచెయ్. మొన్న పోస్టుమాన్ పనిలోకి వచ్చి సంచి తెరిచాడు. నాలుగో తారీఖున నువ్వు రాసింది స్వయంగా తెచ్చి ఇచ్చాడు. గుమ్మంలోనే చదివి నవ్వాను, తర్వాత సిగ్గుతో తల పట్టుకున్నాను. పిన్నిని ఏమన్నానో తలుచుకుంటే అన్నం సహించడం లేదు. పోస్టుమాన్ ఒంట్లోకి వెళ్లిన మందు ఎలా తయారవుతుందో చెప్పే ఉత్తరం, కాటుపడ్డ రోజున అతని భుజానే వేలాడుతోంది.

ఇంకో సంగతి. నిన్నటి నుంచి అతనికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, మోకాళ్లు వంగడం లేదు. విషం మళ్లీ తిరగబెట్టిందని ఊరంతా గుమిగూడింది. ఇదంతా మీ సీరం వల్లే వచ్చింది. సీసా మీది నంబరు కింద రాస్తున్నాను. టపా బండి హారన్ కొడుతోంది, మిగతాది తర్వాత.

*

జూన్ 27

అమ్మడూ,

పద్దెనిమిదో తారీఖు ఉత్తరం సోమవారం వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. విప్పింది మీ నాన్న.

మీ పిన్ని చెప్పిన ప్రకారం జరిగింది ఇదీ. ఆయన చివరిదాకా చదివి, మడిచి, చొక్కా తొడుక్కుని, వంటగది గుమ్మం దగ్గర నిలబడి చాలా మర్యాదగా అడిగాడట: "అమ్మాయ్, నా దగ్గర వాసన వస్తోందా?" మీ పిన్ని చేతిలో గరిటె వదిలేసి ఏడ్చింది. నేను ఇంటికొచ్చేసరికి ఆయన పెట్టె మంచం మీద ఉంది, అందులో రెండు పంచెలు, కళ్లజోడు, స్క్రూడ్రైవర్లు. అంతా ఒప్పుకోక తప్పలేదు. గుర్రానికి ఆయన పేరు పెట్టడం దగ్గర్నుంచి చెప్పాను. విని పెట్టె సర్దడం ఆపాడు, మాట్లాడటమూ ఆపాడు.

రెండు రోజులు నాతో మాటల్లేవు. ఈ పొద్దున నా వెనకే శాలకు వచ్చాడు. పెద్దాయన ముందు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. ముందు పలకరించడం ఇద్దరికీ ఇష్టం లేదు. చివరికి మీ నాన్నే అడిగాడు, వీడివల్ల ఎంతమంది బతికారని. లెక్క ఎవరూ రాయరు, కనీసం ఒక పోస్టుమాన్ అయితే ఉన్నాడన్నాను. "అయితే పేరు అలాగే ఉండనీ" అని ఇంటికి వెళ్లిపోయాడు.

పెద్దాయన తిండి మానడానికి కారణం పంటి మొన గుచ్చుకోవడం. అరగదీశారు, తింటున్నాడు. ఊరిచివర అంటే వదిలేసిన బీడు కాదు తల్లీ, మా సంస్థ వాళ్లదే పచ్చికమైదానం. పని అయిపోయిన గుర్రాలన్నీ అక్కడే ఉంటాయి. రాయడం చేతకాక నీ చేత ఇన్ని తిట్లు తిన్నాను.

పోస్టుమాన్‌ను అడిగానని చెప్పు.

మీ బాబాయి

*

జూలై 1

అమ్మడూ,

సీసా నంబరు రాసిన నీ ఉత్తరం అందింది. మీ సీరం వల్లే అన్న ముక్క చదివాక నాకు ముద్ద దిగలేదు. రక్తం తీసిన రోజు గుర్రానికి జ్వరం ఉండగా నేను చూసుకోలేదా, సూది పట్టీ తప్పు రాశానా అని ఇరవై రెండేళ్లూ కళ్ల ముందు తిరిగాయి. తెల్లారగానే మా గుర్రాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, తప్పు నాదే అయి ఉంటుంది, ఏ శిక్షకైనా సిద్ధమన్నాను. ఆవిడ ఏ తప్పని అడిగింది. నాకూ తెలియదన్నాను.

రిజిస్టర్లు దింపించి మధ్యాహ్నం దాకా చూసింది. ఆ మందులో లోపమేమీ లేదు. అప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. గుర్రం రక్తంలోంచి తీసినది మనిషి ఒంటికి ఎప్పటికీ పరాయిదే. వచ్చిన రోజు విషాన్ని పట్టుకుని మేలు చేసినా, ఇది మనది కాదని ఒళ్లు కనిపెట్టి పేచీ పెట్టడానికి వారం పది రోజులు పడుతుంది. కొందరికే అలా అవుతుందట. జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు ఆ పేచీయే. మాత్రలతో తగ్గిపోతుంది. అంటే అతని ఒళ్లు మెలకువగా ఉందన్నమాట.

ఇదంతా నర్సుల చదువులో ఉంటుందట కదా. తెలిసి కూడా నాకలా ఎందుకు రాశావు? మనిద్దరం ఉత్తరాలు మానేసి అరుచుకోవడమే మేలేమో.

రెండు రోజుల తర్వాత కడుపునిండా తిన్న,
మీ బాబాయి

*

జూలై 6

బాబాయ్,

క్షమించు. టపా బండి తొందరలో సగం రాసి పంపాను. పోస్టుమాన్‌కు నాలుగు రోజుల్లో అంతా తగ్గింది. ఇప్పుడు మెట్లెక్కి మరీ ఉత్తరాలు ఇస్తున్నాడు.

కాని ఊరికి తగ్గలేదు. మూడో తారీఖు, బుధవారం, పసిపిల్లల టీకాల రోజు. రిజిస్టరులో నలభైమంది పేర్లున్నాయి. పొద్దున్నే గది కడిగాను, చాపలు పరిచాను, టీకాల డబ్బాలో మంచు నింపాను. ఒంటిగంట దాకా ఒక్క తల్లి రాలేదు. మంచు కరిగింది. జంతువు రక్తం ఎక్కించే మనిషినట నేను. విషం ఒకసారి పోతే నేను రెండోసారి తెప్పించానట. పోస్టుమాన్ భార్య ఆరు నెలల పాపను ఎత్తుకుని నా కిటికీ ముందునుంచే నీళ్లకు వెళ్లింది, తల తిప్పలేదు. ఆ రోజు ఇరవై నిమిషాలు నా మొహమే చూస్తూ కూర్చున్న మనిషి.

ఇంటింటికీ తిరిగాను. తలుపులు తీస్తారు, కూర్చోమంటారు, టీకా మాట ఎత్తితే పొయ్యి మీద ఏదో మాడుతోందని లేస్తారు. ఇంతమంది ఇళ్లలో ఒకేసారి మాడటం నేనెక్కడా చూడలేదు.

నవ్వొస్తూనే ఉంది గాని అలసిపోయాను. కిందటేడు పక్క లోయలో తట్టు వచ్చి ఇద్దరు పిల్లలు పోయారట. అది మళ్లీ వస్తే నా రిజిస్టరులోని నలభైమందికీ అడ్డేమీ లేదు. నా మాట వినని చోట నేనుండి ప్రయోజనమేమిటి? బదిలీకి అర్జీ రాసి పెట్టుకున్నాను. వచ్చే వారం పంపుతాను. నా గదిలో నాన్న సామాను ఉంటే సర్దమని చెప్పు.

ఓడిపోయిన నర్సు

*

జూలై 11

అమ్మడూ,

ఈ ఉత్తరం ముందొస్తుందో నేను ముందొస్తానో చెప్పలేను. మంగళవారం బస్సుకు బయలుదేరుతున్నాను. నాలుగు రోజులు సెలవు దొరికింది. నిన్ననే పెద్దాయనను మైదానానికి తోలుకెళ్లి వదిలాను. గేటు తీయగానే వెనక్కి చూస్తాడనుకున్నాను, చూడలేదు. పచ్చిక చూశాడు. నాకే ఖాళీగా ఉంది, కాబట్టి మీ ఊరు వస్తే నాకూ మంచిదే.

మీ నాన్నకు నీ ఉత్తరం చదివి వినిపించాను. గది సర్దమంటే సర్దుతాడట. "దాని ఇష్టం. కాని ఇంకో బుధవారం చూసి చెప్పమను" అన్నాడు. అంతకన్నా ఒక్క ముక్క అదనంగా రాలేదు.

నేనేమీ చదువుకున్నవాణ్ని కాదు, ఉపన్యాసాలు రావు. గుర్రాల గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పగలను. ఎవరైనా వింటారేమో చూద్దాం. ఒకటి ముందే చెబుతున్నాను. ధనుర్వాతం సూది వేయించుకుని పదేళ్లు దాటిందని డాక్టరమ్మ నన్ను వదలడం లేదు. అది నీ చేత వేయించుకుంటానని తప్పించుకొచ్చాను. నాకు సూదంటే ఎంత భయమో నీకు తెలుసు. నవ్వావో, ఆ బస్సుకే తిరిగొస్తాను.

మీ బాబాయి

*

జూలై 25

బాబాయ్,

నువ్వు బస్సెక్కి వారమైంది. ఇక్కడ జరిగినదంతా నీకు తెలుసనుకుంటున్నావు. సగం తెలియదు, ఎందుకంటే ఆ సగంసేపు నీ కళ్లు మూసుకుని ఉన్నాయి.

ఆ బుధవారం నువ్వు అరుగు మీద పోస్టుమాన్‌తో కబుర్లు మొదలుపెట్టినప్పుడు వింటున్నది అతనొక్కడే. పెద్దాయన చెయ్యి కొరకబోయిన కథ దగ్గరికొచ్చేసరికి గోడ అవతల నలుగురు నిలబడ్డారు. నాన్న పెట్టె సర్దుకున్న కథ దగ్గరికి ఇరవైమంది అయ్యారు. అప్పుడే కదా పోస్టుమాన్ భార్య పాపతో ముందుకొచ్చి నిన్ను నిలదీసింది: "మీ గుర్రం మందుకు ఇంత మనిషి ఒళ్లే అంత పేచీ పెట్టింది. పసిదాని ఒళ్లు ఏం తట్టుకుంటుంది?"

నువ్వన్న మాట నేను రిజిస్టరు వెనక అట్టమీద రాసుకున్నాను. "అమ్మా, మీ ఆయనకు పెట్టింది వేరేవాళ్లు వండిన కూడు. విషం ఒంట్లో ఉండగా వంట నేర్చుకునే తీరిక ఉండదు, అందుకని మా గుర్రం నెలల తరబడి వండింది తెచ్చి పెట్టారు. ప్రాణం నిలబెట్టింది, కాని పరాయి వంట, ఒంటికి పడలేదు. నాలుగు వారాలు పోతే అదీ ఉండదు. పాపకు ఇచ్చేది కూడు కాదు. వంట నేర్పడం. రోగం రాకముందే, తీరుబడిగా. ఆ తర్వాత రోగం వచ్చిన రోజున పాప ఒళ్లే చకచకా వండుకుంటుంది."

నాకు మూడేళ్ల చదువులో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ఒకరోజు జ్వరం రావచ్చు, సూది వేసినచోట వాపు రావచ్చు, దాచి చెప్పను అని నేను అన్నాను. ఆవిడ పాపను ఇంకా దగ్గరికి పొదువుకుంది. అప్పుడు నువ్వు చొక్కా చెయ్యి మడిచి, ముందు నాకు వెయ్యమని కూర్చున్నావు.

కళ్లు మూసుకున్నాక నువ్వు చూడనిది ఇది. నేను ఇంకా సీసా మూత తీస్తుండగానే నువ్వు అబ్బా అన్నావు. పిల్లలు విరగబడి నవ్వారు. సూది వేస్తున్నప్పుడు పోస్టుమాన్ వచ్చి నీ రెండో చెయ్యి పట్టుకున్నాడు, నువ్వది నా చెయ్యి అనుకున్నావు. ఇరవై రెండేళ్లు గుర్రాలను పట్టుకుని సూదులు వేయించిన మనిషి మొహం పాలిపోవడం చూసి పోస్టుమాన్ భార్య మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే వచ్చి పాప కాలు నా ముందు పెట్టింది. ఆ రోజు ఆ ఒక్క పాపే. నువ్వు చిన్నబుచ్చుకుని మర్నాడు చీకటితోనే బస్సెక్కావు. నేనూ ఆ బదిలీ అర్జీని టపా సంచిలో వేయడానికి తీసి బల్లమీద పెట్టాను.

తొమ్మిదింటికి ఆవిడ పరుగున వచ్చింది. పాపకు జ్వరం. అయిపోయింది, ఇక ఈ ఊళ్లో నా ముఖం ఎవరూ చూడరనుకున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది: "వెచ్చగా ఉంది. నేర్చుకోవడం మొదలెట్టినట్టేనా?"

అవునన్నాను. తడిగుడ్డ వేయమని, పాలు మానొద్దని చెప్పి, ఆరు నెలల బిడ్డకు ఎంత మందు పట్టాలో రాసిచ్చాను. సాయంత్రానికి జ్వరం దిగింది. ఆ మాట నీళ్ల దగ్గర ఆవిడే అందరికీ చెప్పిందట, మా పాప చురుకైనది, ఒక్క రోజులో నేర్చేసుకుందని. నిన్న బుధవారం. తొమ్మిదింటికే వరండాలో చోటు లేదు. ముప్పైనాలుగు మంది పిల్లలకు వేశాను. ఏడ్చినవాళ్లు ముప్పైనాలుగు మంది. ఈ పొద్దున ఇద్దరు తల్లులు దెబ్బలాటకు వచ్చారు, మా వాడికి జ్వరం ఎందుకు రాలేదు, మందు తక్కువ వేశావా అని. జ్వరం రాకపోయినా ఒళ్లు నేర్చుకుంటుందని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మిగిలిన ఐదుగురి ఇళ్లకు రేపు వెళ్తున్నాను. పోస్టుమాన్ కూడా వస్తానన్నాడు. అతని కాలి మచ్చ చూపిస్తాడట.

పిన్నికి వేరే కాగితం రాశాను, అది ఆవిడకే ఇవ్వు, నువ్వు విప్పకు.

ఇక్కడి ఫ్రిజ్ ముసలిదై రోజంతా మూలుగుతోంది. టీకాలకు అది చాలదని నిన్న సాయంత్రం పైవాళ్లకు కొత్త అర్జీ పెట్టాను. పాత అర్జీ వెనకవైపు కాగితం ఖాళీగా ఉంటే దానిమీదే లెక్కలు వేసుకున్నాను. ఐదేళ్ల గ్యారంటీ ఉన్న ఫ్రిజ్ మాత్రమే పంపమని రాశాను. ఈ ముక్క నాన్నకు చదివి వినిపించు. గది సర్దక్కర్లేదని ఆయనకు వేరే చెప్పనవసరం లేదు.

మీ నర్సమ్మ